దేవరకద్ర గేటు కాడ జర్మనీ

గేటు పడ్డదంటే నా పొయ్యికి గిరాకి.
ఇటు నాలుగు ఆటోలు, అటు వడ్ల ట్రాక్టరు,
కర్నూలు బండి ఎప్పుడొస్తదో
గేటాయనకు గూడ ఎర్కలేదు.
గప్పుడు అడుగుతడు టైర్ల దుకాణం ఖాజామియా,
చాయల బన్ను ముంచుకుంట:
"కుర్మన్నా, జర్మనోళ్లు ఎట్లుంటరే?"

పన్నెండు రోజులు, ఏడు దేశాలు.
నలభై రెండు మంది పట్నపోళ్లకు
బస్సు డిక్కీల కుక్కర్లు పెట్టుకొని
పప్పు వండిపెట్టినోన్ని.
నేను చూసిన యూరపు
సగం పార్కింగు జాగలే.

మైకు పట్టుకొని గైడు చెప్తుండె:
జర్మనోడు గడియారం మింగి పుడతడు,
ఇటలోని చేతులు కట్టేస్తే మూగోడైతడు,
ఫ్రెంచోళ్లకు పొగరు నెత్తిమీదుంటది.
అందరు నవ్విన్రు.
ఎనక సీట్ల ఉల్లిగడ్డలు కోసుకుంట
నేను గూడ నవ్విన.

మ్యూనిక్కుల రైలు యాభై ఐదు నిమిషాలు లేటు.
పక్కన ముసలాయన టోపీ తీసి తిట్టిండు.
మాట సమజు గాలే,
రాగం మాత్రం మన గేటు కాడిదే.
ఇటలీల హోటలు వంటింట్ల నా పక్కన
ఒకాయన రెండు గంటలు ఆలుగడ్డ చెక్కు తీసిండు,
ఒక్క మాట లేదు.
పోయేటప్పుడు నా కత్తి పదును బొటనవేలితో చూసి
తల ఊపిండు, గంతే.
పారిస్ల పోపు వాసనకు పోలీసామె వచ్చింది.
కాగితం గిలాసల చారు పోసిచ్చిన.
మిరియాలకు కండ్లల్ల నీళ్లు, అయినా అంత తాగింది.
తాగి, ఫైను గూడ రాసింది.
పొగరంటే పొగరే మరి, నేను కాదంటనా?

మా డ్రైవరుది పోలండు.
ఆ పేరు నా నాలుక తిరగక జిగ్గన్న అన్న.
కురుమూర్తికి మొక్కితె పుట్టిన కుర్మయ్యను
ఆయన కుర్మా అన్నడు.
వంటోన్నే గదా, ఊకున్న.

ఆస్ట్రియాల ఒక రాత్రి ఒకటే వాన.
బస్సు మెట్ల మీద ఆయన సాసేజి, నా జొన్నరొట్టె.
వచ్చీరాని ఇంగ్లీషుల చెప్పిండు:
పోలండు అన్నడంటే చాలు,
ప్రతోడు కారే నల్లా చూపిస్తడంట.
జన్మల పైపు ముట్టనోడు ఆయన.
పానా తిప్పినట్టు గాలిల చెయ్యి తిప్పి నవ్విండు.

నాకు మొదటి రోజు యాదికొచ్చింది.
ముందు సీటు సారు అడిగిండు, ఏ ఊరని.
"పాలమూరా! మీవాళ్లు మట్టిపనికి పెట్టింది పేరు గదా."
మెచ్చుకొనే అన్నడు పాపం.

మా నాయిన తట్ట మోసిండు, అబద్ధమెందుకు.
ఏ కట్ట మీదనో ఆ కాయితంల
"పాలమూరు లేబర్, నలభై" అని ఒక్క గీత.
ఆ నలభైల మా నాయిన ఎన్నోవాడో.
బెల్లం చాయంటే పానమిచ్చేటోడు,
బల్లి కనవడితె ఇల్లు దిగేటోడు.
అది ఏ కాయితంల రాసిన్రు?
జిగ్గన్నకు ఇదంత ఎట్ల చెప్పాలె?
పార పట్టినట్టు నేను గూడ గాలిల తవ్విన.
ఆయన తిప్పుడు, నేను తవ్వుడు,
వానల ఇద్దరు పిచ్చోళ్లు.

చెప్పొద్దు గని, మొన్న
రైసుమిల్లు కాడి బిహారు పోరడొచ్చిండు.
అడగకముందే ప్లేట్ల ఆరు పూరీలేసిన,
బిహారోళ్లు మస్తు తింటరని.
రెండు తిని, నాలుగు పక్కకు జరిపి
కడుపు నొస్తుందన్నట్టు చెయ్యి పెట్టుకుండు.
ఆరింటికీ పైసలిచ్చిండు.

"ఏమే, జర్మనోళ్లు?" మల్ల ఖాజామియా.
"బండి కోసం చూస్తుండ్రి," అన్న.
ఆయన ఇంకేందో అడుగుతుంటే
రైసుమిల్లు దిక్కుకెల్లి ఆ పోరడు నడిచొస్తుండె.
ఈసారి పేరు అడుగుదామని గరిట దించిన.
గేటు లేసింది.
హారన్లు, దుమ్ము,
ట్రాక్టరు అడ్డమొచ్చింది.